గేజ్ కుదిరిన రాత్రి

ఆషాఢంలో ఆ సెల్లార్‌లో ఎవరైనా కాళ్లు బారజాపుకుని పడుకోవచ్చు. శ్రావణం వచ్చిందంటే మాత్రం... వద్దు.

బోయిగూడలో మా సందు చివర సగం కట్టి వదిలేసిన కాంప్లెక్స్ ఒకటుంది. పైన అంతస్తుల్లో పావురాలుంటాయి. కింద సెల్లార్‌లో ఆమె ఉంటుంది. పేరు ఎవరికీ తెలియదు. పెళ్లిపీటల మీద నుంచి లేచొచ్చి అక్కడ దాక్కున్న పెళ్లికూతురని కొందరంటారు. కాదు, వెనక ఫంక్షన్ హాల్‌కు వంటపనికి వచ్చి, అలసిపోయి అక్కడ నడుం వాల్చిన కూలిమనిషని ఇంకొందరు. తెల్లారి లేవలేదన్న దగ్గర మాత్రం అందరి కథా ఒకటే.

ఆమె రోజూ రాదు. పెళ్లిళ్లున్న రాత్రే వస్తుంది. ఆషాఢంలో రాదు, మూఢంలో రాదు. దెయ్యమైనా పంచాంగం చూసుకునే బయల్దేరుతుందని మేం నవ్వుకునేవాళ్లం — పగటిపూట. చీకటి పడ్డాక ఆ ర్యాంపు ముందు నుంచి నడిచే మొనగాడు మా సందులో లేడు, నాతో కలిపి.

నా పేరు తిరుమల్. సందు మొదట్లో బ్యాటరీల షాపు నాదే. ఈ కథలో కొంత నేను చూసింది, మిగతాది నతానియేల్ నోటి నుంచి విన్నది. విన్నది విన్నట్టే చెప్తా. ఉప్పూకారం నేనేమీ కలపను, అందులోనే చాలినంత ఉంది.

ఆ కాంప్లెక్స్‌కు వాచ్‌మెన్ నిలవడు. ఒకడు చెప్పాపెట్టకుండా పారిపోయాడు. ఒకడు తెల్లారి లేవలేదు, గుండె ఆగిందన్నారు. చివరివాడు తుకారాం, నారాయణఖేడ్ వైపు మనిషి, ఎద్దును కొమ్ములు పట్టి ఆపగలిగే ఒళ్లు. వాడు కూడా మాట తడబడి, నడక తడబడి, మూట కట్టుకుని ఊరికి పోయాడు.

అట్లాంటి చోటికి తెలిసి తెలిసీ కాపురం వచ్చాడు నతానియేల్.

పిచ్చి ఉండి కాదు, గతిలేక. అతను కార్ల ఇంజన్లు ట్యూన్ చేస్తాడు. మెకానిక్ వేరు, ట్యూనర్ వేరు. చెడిపోయింది మార్చేవాడు మెకానిక్. బాగానే ఉన్నదాన్ని ఇంకా బాగుచేస్తానని నిద్ర పాడుచేసుకునేవాడు ట్యూనర్. ఇంజను పెట్రోలు తాగితే చాలదట, దానికి తగ్గ గాలి కూడా పీల్చాలట. పద్నాలుగు పాళ్ల పైచిలుకు గాలికి ఒక పాలు పెట్రోలు. పెట్రోలు ఎక్కువైతే రిచ్, తక్కువైతే లీన్. సైలెన్సర్ గొట్టంలో ఒక సెన్సర్ బిగిస్తాడు. అది బయటికొచ్చే పొగను చూసి ఆ లెక్క చెప్తుంది. స్టీరింగ్ పక్కనున్న గుండ్రటి గేజ్ మీద ఆ లెక్క ఎర్ర అంకెల్లో వెలుగుతుంది. ఆ అంకెలన్నీ క్షణం వదలకుండా దాచిపెట్టే చిన్న డబ్బా ఇంకోటి, డేటా లాగర్. బండి తిప్పుకొచ్చి ల్యాప్‌టాప్‌కు తగిలిస్తే దారి పొడుగునా ఇంజను ఎట్లా ఊపిరి తీసిందో గీతలుగా కనిపిస్తుంది.

ఈ పని ఇళ్ల మధ్య కుదరదు. పద్మారావు నగర్‌లో ఒక షెడ్డు తీసుకుంటే చుట్టుపక్కల వాళ్లు చప్పుడు భరించలేక ఖాళీ చేయించారు. ఇంకోచోటా అంతే. చివరికి దెయ్యం తప్ప అడిగేవాళ్లు లేని చోటు దొరికింది. సెల్లార్ వాడుకో, వెనక గదిలో ఉండు, కాపలా ఉంటే చాలు అన్నాడు ఓనర్. ఆషాఢంలో దిగారు, అతనూ భార్య హదస్సా.

హదస్సా చర్చిలో పాటలు పాడే పిల్ల. ఆమె నవ్వితే నా షాపు దాకా వినిపించేది. 'అన్నా, మీ దెయ్యం ఇంకా రాలేదేంది, అడ్రస్ మర్చిపోయిందా?' అని నన్నే ఆటపట్టించేది.

గది సెల్లార్‌కు వెనకవైపు ఉంటుంది. ఇనప తలుపు, దాని పక్కన సెల్లార్‌లోకి చూసే గ్రిల్ కిటికీ. వెనక గోడకు పైన, స్లాబుకు ఆనుకుని చిన్న వెంటిలేటర్ ఉంది కానీ దానికి అడ్డంగా అటక, అటక నిండా పాత సామాను. దాని జోలికి ఎవరూ పోలేదు.

వాళ్లు దిగిన కొత్తల్లోనే తుకారాం తన రేకుపెట్టె కోసం ఊరి నుంచి వచ్చాడు. పెట్టె నెత్తిన పెట్టుకుని కూడా కదలడు.

"సారూ... ఆ కిటికి మూసుకోండ్రి," అన్నాడు గొంతు తగ్గించి. "ఆమె గక్కడికెళ్లే చూస్తది. నేను గోనెసంచులు కుక్కిన. నాకంటె ముందటాయన సుత గట్లనే కుక్కిండు."

"చూసి ఏమంటది?" నవ్వుతూ అడిగింది హదస్సా.

తుకారాం నవ్వలేదు. "ఆమె అన్న మాట ఇంకొకల్ల చెవుల ఎయ్యొద్దు బిడ్డా. ఏస్తే వాళ్ల ఎంటవడ్తది."

అంతే చెప్పి వెళ్లిపోయాడు.

శ్రావణం వచ్చింది.

అప్పటికి నతానియేల్ చేతిలో ఉన్న బండి విజయేందర్‌ది. బోయిన్‌పల్లిలో పెద్ద గ్యారేజ్ ఆయనది. తన పాత కారు అప్పగించి, "దీన్ని కుదుర్చు చూస్తా. కుదిరితే నా దగ్గరనే పని, గ్యారేజ్ పైన గది సుత నీదే," అన్నాడు. ఆ బండి మీద ఎంత ఆశ పెట్టుకున్నారో ఆ ఇద్దరికే తెలుసు.

బండి రోడ్డు మీద బంగారం. గేజ్ మీద అంకె ఎక్కడుండాలో అక్కడే నిలబడేది. పెళ్లి బ్యాండు వినిపించే రాత్రుల్లో మాత్రం... ర్యాంపు దిగి సెల్లార్‌లో ఆపి, ఇంజను ఊరికే తిరుగుతుండగా చూస్తే — అంకె మెల్లగా జారేది. పద్నాలుగున్నర దాటి ఉండాల్సింది పద్నాలుగు, ఇంకా కిందికి. రిచ్. ఎవరో చాటుగా పెట్రోలు కలుపుతున్నట్టు.

అతను జాగ్రత్త మనిషి. సెల్లార్‌లో ఇంజను నడిపినప్పుడల్లా సైలెన్సర్‌కు పెద్ద రబ్బరు గొట్టం తగిలించి పొగను ర్యాంపు పైకి పంపేవాడు. కారు తన తప్పు తానే దిద్దుకోకుండా ఆ ఏర్పాటు ఆపి మరీ పరీక్షించేవాడు. అంకె జారితే ల్యాప్‌టాప్‌లో పెట్రోలు తగ్గించేవాడు. అంకె కుదిరేది. పొద్దున విజయేందర్ వచ్చి రోడ్డెక్కించగానే బండి దగ్గేది.

"ఏందయ్యా ఇది. రాత్రి నీ దగ్గర కుదురుతది, పొద్దున నా దగ్గర దగ్గుతది. బండికి సుత పట్టిందా ఏంది?" అన్నాడు విజయేందర్ ఒకరోజు. నవ్వుతూనే అన్నాడు గానీ ఓపిక అయిపోతున్నట్టు తెలిసిపోయింది.

ఇంజెక్టర్లు విప్పాడు. పంపు చూశాడు. పెట్రోలు పోయే దారి అంతా తడిమాడు. సెన్సరే అబద్ధం చెప్తోందేమోనని దాన్ని విప్పి రోడ్డు మీద ఖాళీ గాలికి చూపించాడు. సెన్సర్ నిజమే చెప్పింది. అయినా సెల్లార్‌లో పెళ్లి రాత్రి అంకె జారుతూనే ఉంది...

ఇక హదస్సా.

మొదట తలనొప్పి. తర్వాత వాంతులు. మంచివార్తేమోనని వాళ్లమ్మ రోసమ్మ సంబరపడింది. కాదని తేలింది. ఆ తర్వాత ప్రార్థన మధ్యలో మాట మర్చిపోవడం, చేతిలో గ్లాసు జారిపోవడం. డాక్టర్ దగ్గరికి పగలు తీసుకెళ్తే పరీక్షల్లో ఏమీ కనిపించదు. నీరసం అని టానిక్ రాశాడు.

ఒక రాత్రి అతను బండి తిప్పుకుని వచ్చేసరికి ఆమె మంచం మీద గోడకు ఒదిగి కూర్చుని ఉంది.

"నానీ... కిటికీ దగ్గర ఎవరో ఉన్నరు."

చూశాడు. ఎవరూ లేరు.

"ఇస్త్రీ వాసన వస్తలేదా నీకు? కొత్త చీర ఇస్త్రీ చేసినట్టు..."

వచ్చింది. సన్నగా, వేడిగా. ఆ వాసన తనకూ వచ్చిందని అతను ఆమెతో చెప్పలేదు. చెప్తే ఇద్దరూ కలిసి భయపడాలి, ధైర్యం చెప్పేవాళ్లు మిగలరు అనుకున్నాడట. అతనికీ తలపోటు ఉండేది. నిద్రలేమి అనుకున్నాడు. రాత్రిళ్లు ఎక్కువసేపు బయట రోడ్ల మీద బండితో ఉండేవాడు కాబట్టి అతనికి అంతే, గదిలో ఒక్కతే ఉండే హదస్సాకు అంతా.

రోసమ్మ వచ్చింది. రిటైరైన టీచరమ్మ, గుంటూరు వైపు నుంచి వచ్చి ఇక్కడే స్థిరపడిన మనిషి. కూతురు నుదుటికి నూనె రాసి, గది నాలుగు మూలలా నిలబడి ప్రార్థన చేసింది. అయ్యాక నతానియేల్ మెల్లగా అడిగాడు.

"హదస్సా, ఆమె నీతోని ఏమంటది?"

హదస్సా నోరు తెరవబోయింది. రోసమ్మ చెయ్యి అడ్డం పెట్టింది.

"వద్దు బాబూ. అపవాది మాట మన నోటితో పలికితే దానికి ఇంట్లో చోటిచ్చినట్టే."

తుకారాం కొలిచే దేవుడు వేరు, రోసమ్మ కొలిచే దేవుడు వేరు. ఈ ఒక్క విషయంలో మాత్రం ఇద్దరూ ఒకే బడిలో చదివారు. నేనైనా అదే మాట అనేవాణ్ణి, అబద్ధమెందుకు.

తల్లి దగ్గర రెండ్రోజులుంటే హదస్సా మామూలు మనిషయ్యేది. తినేది, పాడేది. సెల్లార్‌కు తిరిగొస్తే, పెళ్లి రాత్రి వస్తే, మళ్లీ మొదలు. అక్కడే ఉండిపొమ్మని అందరం చెప్పాం. వినలేదు.

"నేను లేకుంటే ఆమె ఈయనను పట్టుకుంటది," అంది నాతో. ఆ పిల్ల అప్పటికి ఎముకల గూడు. ఆ మాట విని నాకు కళ్లు చెమర్చాయి, దాచుకోవడమెందుకు.

ఒకరోజు కిటికీ చూపించి ఏడ్చింది. "మూసెయ్ నానీ. నీ కాళ్లు మొక్కుతా. అక్కణ్నించే చూస్తది."

నతానియేల్ మూశాడు. అతను చేసే పని ఏదైనా సగం సగం ఉండదు. గ్రిల్ మీద బయటివైపు నుంచి ప్లైవుడ్ చెక్క పెట్టి, చుట్టూ స్క్రూలు బిగించాడు. అంచుల్లో సందు మిగలకూడదని, ఇంజను నుంచి ఆయిలు కారకుండా పూసే గ్యాస్కెట్ పేస్టు తెచ్చి చుట్టూ పూశాడు. చీమ దూరదు. ఆ రాత్రి హదస్సా నిద్రపోయింది. ఆ వారంలో ముహూర్తాలు లేవు.

శ్రావణం చివర్లో పెద్ద ముహూర్తం వచ్చింది. ఆ సాయంత్రం నుంచే వాన. ఫంక్షన్ హాల్ ముందు కార్లు మా సందు దాకా నిలబడ్డాయి. మర్నాడు పొద్దున రోసమ్మ వచ్చి కూతుర్ని తీసుకెళ్లిపోతానంది. ఇక పంపనని కూడా అంది. నతానియేల్ ఎదురు చెప్పలేదు. చెప్పే మొహం లేదన్నాడు నాతో.

విజయేందర్ కూడా మర్నాడే వస్తున్నాడు. కుదిరితే కుదిరినట్టు, లేకపోతే బండి వెనక్కి.

"ఈ రాత్రి పోకు," అంది హదస్సా. గొంతు పైకి రావడం లేదు.

"ఒక్క రౌండ్ కొట్టొస్తా. ఇది కుదిరితే రేపు మీ అమ్మ దగ్గరికి కాదు, ఇద్దరం బోయిన్‌పల్లికే పోదాం. పైన గది. నాలుగు దిక్కులా కిటికీలు చూసిన నేను."

ఆమె తలూపింది. అతను బయటికి రాగానే లోపల గొళ్లెం పడిన చప్పుడు వినిపించింది. అది విని కొంచెం ధైర్యంగా బయల్దేరాడట. గొళ్లెం చప్పుడుకు ధైర్యపడ్డానే అని ఇప్పటికీ తలకొట్టుకుంటాడు.

వానలో బోయిన్‌పల్లి దాకా పోయి వచ్చాడు. అంకె రోడ్డు మీద ఎప్పటిలాగే కుదురుగా ఉంది. పరీక్ష రోడ్డు మీద కాదు కదా... ర్యాంపు దిగాడు. గొట్టం తగిలించాడు. ఇంజను నడుస్తుండగానే లోపల కూర్చుని, ఊపిరి బిగబట్టి, ఎర్ర అంకెను చూస్తూ ఉండిపోయాడు.

వెనక హాల్లో బ్యాండు మోగుతోంది. ఇదే వేళకు అంకె జారడం మొదలవ్వాలి.

జారలేదు.

ఇంకాసేపు చూశాడు. బ్యాండు ఆగింది, మళ్లీ మొదలైంది. అంకె అక్కడే ఉంది. చెక్కుచెదరలేదు.

నతానియేల్ స్టీరింగ్ మీద తల పెట్టి ఏడ్చాడు. దేవుడికి స్తోత్రం చెప్పాడు. తలుపు కొట్టి హదస్సాను లేపుదామనుకున్నాడు, పాపం నిద్రపోతోందిలే అని ఆగాడు.

అక్కడే ట్యూనర్ బుద్ధి అడ్డం తగిలింది. ఎందుకు కుదిరింది? కారణం తెలియకుండా కుదిరింది కుదిరినట్టు కాదు, రేపు విజయేందర్ అడిగితే ఏం చెప్పాలి? ల్యాప్‌టాప్ తెరిచాడు. లాగర్‌లోని గీతను వెనకటి పెళ్లి రాత్రుల గీతల మీద పరిచి చూశాడు. అన్నిట్లోనూ సెల్లార్‌కు రాగానే గీత కిందికి వాలింది. ఇవాళ్టిది మాత్రం వాలలేదు. ఈ వారం తను పెట్రోలు లెక్క ముట్టుకోలేదు. ఇంజెక్టర్లు ముట్టుకోలేదు. బండిలో ఒక్క నట్టు కూడా కదపలేదు.

మరి ఏం మారింది?

సెల్లార్ అంతా కలయజూశాడు. తడి నేల. స్తంభాలు. తన టూల్స్. కిటికీ మీద ప్లైవుడ్ చెక్క...

మారింది అదొక్కటే.

ముందు నవ్వొచ్చిందట. దెయ్యానికి కిటికీ మూస్తే బండికి రోగం కుదిరిందా అని. ఆ నవ్వు సగంలోనే ఆగిపోయింది. కిటికీకీ ఇంజనుకూ మధ్య ఉన్నదేంటి? పెట్రోలు కాదు. వైరు కాదు. గాలి. ఇన్నాళ్లూ అంకె తప్పితే పెట్రోలునే అనుమానించాడు, ఇంజను పీల్చే గాలి మంచిదేనా అని ఒక్కసారి కూడా అనుకోలేదు. ఇన్నాళ్లూ ఆ కిటికీలోంచి ఏదో చెడుగాలి సెల్లార్‌లోకి వచ్చేది. ఇంజను అది పీల్చి ఉక్కిరిబిక్కిరయ్యేది. ఇవాళ రావడం లేదు.

రావడం లేదంటే... లోపలే ఉంది.

"హదస్సా..."

తలుపు కొట్టాడు. పలకలేదు. రెండు చేతులతో బాదాడు. బ్యాండు మోతలో తన చప్పుడు తనకే వినిపించలేదు. ఇనప తలుపు, లోపల గొళ్లెం. భుజంతో గుద్దితే భుజమే పోయింది.

డిక్కీలోంచి జాకీ రాడ్ తీశాడు. ప్లైవుడ్ అంచున దూర్చి లాగాడు. రాలేదు. తను బిగించిన స్క్రూలు, తను పూసిన పేస్టు. ఎవరో ఇట్లా బిగిస్తే మెచ్చుకునేవాడు. గోళ్లు లేచిపోతున్నా తెలియలేదు. ప్రార్థిస్తున్నాడో, తిట్టుకుంటున్నాడో తెలియలేదు. చెక్క ఒక మూల విరిగింది. ఆ సందులోంచి వెచ్చటి గాలి మొహానికి కొట్టింది — ఇస్త్రీ వాసన.

టార్చి వేశాడు. మంచం ఖాళీ.

ఆ క్షణం ఆమె తీసుకుపోయిందనే అనుకున్నానన్నా, అన్నాడు నాతో. గాలి సంగతి కనిపెట్టినవాడు కూడా అట్లాగే అనుకున్నాడు.

టార్చి కిందికి తిప్పాడు. హదస్సా తలుపు దగ్గర బోర్లా పడి ఉంది. చెంప గడపకు ఆని ఉంది. తలుపు కింద సందులోకి వేళ్లు చాచి ఉన్నాయి.

మిగిలిన చెక్క ఎట్లా పీకాడో అతనికి గుర్తులేదు. గ్రిల్‌లోంచి చెయ్యి దూర్చి, రాడ్‌తో గొళ్లెం జరిపాడు. ఆమెను ఎత్తుకుని ర్యాంపు మీద వానలో పడుకోబెట్టి కారు హారన్ నొక్కి పట్టుకున్నాడు.

నేను అప్పుడే షట్టర్ వేస్తున్నా. పెళ్లివాళ్ల గోల అనుకున్నా. ఎంతకీ ఆగకపోతే, గుండె చిక్కబట్టుకుని ర్యాంపు దాకా వెళ్లా. వానలో ఆ పిల్ల ముఖం చూశాక తాళాలు అడిగి తీసుకున్నా. కారు నేనే నడిపా. వెనక సీట్లో ఆమె తల ఒళ్లో పెట్టుకుని, అద్దాలన్నీ దించి, వాన కొడుతుంటే, నతానియేల్ ఒకే మాట అంటూ వచ్చాడు: "కిటికీ నేనే మూసినన్నా... నేనే మూసిన."

బతికింది. ఆసుపత్రిలో ముక్కుకు ఆక్సిజన్ మాస్కు పెట్టి రాత్రంతా ఉంచారు. డాక్టరమ్మ మమ్మల్ని దోషుల్లా చూసింది.

"గదిలో బొగ్గుల కుంపటి పెట్టుకుని పడుకున్నారా?"

లేదంటే నమ్మలేదు. బొగ్గు గాలాడక మగ్గితే పుట్టే విషం అట. దానికి రంగుండదు, పొగ కనిపించదు. తలనొప్పి, వాంతులు, మాట తడబడటం, లేని మనుషులు కనిపించడం, లేని మాటలు వినిపించడం... అన్నీ దాని పనే అంది. ఇంకాస్త ఆలస్యమైతే గుండె ఆగేదని కూడా అంది. నాకు ఆ వెనకటి వాచ్‌మెన్ గుర్తొచ్చాడు.

బొగ్గు ఎక్కడిది? అది తేల్చుకోవడానికి శ్రావణంలో ఇంక మిగిలిన ఒక్క ముహూర్తం రాత్రి ఇద్దరం వెళ్లాం. వెళ్లాం అంటున్నా గానీ నన్ను లాక్కెళ్లాడు. కారు ర్యాంపు పైన ఆపి, సెన్సర్‌కు పొడుగు వైరు కట్టి, గేజ్ చేత్తో పట్టుకుని లోపలికి నడిచాడు. ఈసారి చూసింది పెట్రోలు లెక్క కాదు, గాలిలో ఆక్సిజన్ ఎంతుందని. బయట నూటికి ఇరవై ఒకటి చూపిన అంకె, గది గడప దాటగానే తగ్గింది. అటక వైపు ఎత్తి పట్టుకుంటే ఇంకా తగ్గింది. ముక్కుకు గుడ్డలు కట్టుకున్నాం, ఏం లాభమో తెలియకపోయినా. సామాను లాగేస్తే వెంటిలేటర్ కనిపించింది, రెక్కలు ఊడిపోయి ఉంది.

దాని అవతల ఫంక్షన్ హాల్ వంటల దొడ్డి. గోడకు ఆనించి ఇటుకల గుంత, దాని మీద రేకు మూత. రేకు ఎత్తితే లోపల బూడిద కింద ఎర్రగా నిప్పులు.

వంటమేస్త్రీ పురుషోత్తం పెద్దమనిషి. మేం చెప్పింది విని అక్కడే కూలబడ్డాడు.

"ఎన్నో ఏండ్ల సంది గిట్లనే చేస్తున్నం. దమ్ము పెట్టినంక మిగిలిన నిప్పులు గుంతల పోసి, రేకు మూసి ఆర్పుతం. పొద్దునకు బొగ్గయితది, ఇస్త్రీవాళ్లు కొంటవోతరు. నీళ్లు పోస్తే బొగ్గు కరాబైతదని..." ఆయన గుంత మీది రేకు వైపు చూశాడు. "గోడ అవతల మనుషులు పంటరని తెల్వదు బిడ్డా."

మర్నాడే గుంత పూడ్చి, దూరంగా ఇంకో చోట తవ్వించాడు. ఆమె పెళ్లి రాత్రులే ఎందుకొచ్చేదో, ఇస్త్రీ వాసన ఎందుకో, భయపడి కిటికీ మూసుకున్న కొద్దీ ఎందుకు మీద పడేదో అన్నీ తేలిపోయాయి. వాచ్‌మెన్ నుంచి వాచ్‌మెన్‌కు అందిన ఆ గోనెసంచులే మనుషుల్ని మింగాయి.

విజయేందర్ మాట తప్పలేదు. వాళ్లిద్దరూ బోయిన్‌పల్లి గ్యారేజ్ పైన గదిలో ఉంటున్నారు. ఒక సాయంత్రం పళ్లు తీసుకుని చూడ్డానికి వెళ్లా. కిటికీలన్నీ బార్లా తెరిచి ఉన్నాయి. రోసమ్మ టీ ఇచ్చింది. హదస్సా ముఖంలో రక్తం కనిపిస్తోంది.

"మొత్తానికి మీ దెయ్యం బొగ్గుల గుంతలో తేలింది," అన్నా ఆటపట్టిస్తూ.

హదస్సా నవ్వలేదు.

"ఆ రాత్రి కాళ్లు రాలేదన్నా నాకు. ఆమె వచ్చి మంచం పక్కన కూర్చుంది. ఎప్పుడూ అనే మాటే అన్నది..."

"వద్దమ్మా," అంది రోసమ్మ.

"చెప్పనీ అమ్మా. చెప్పకనే ఇంత దూరం వచ్చింది." నా వైపు తిరిగింది. "లే బిడ్డా, బయటికి రా... అన్నది. వచ్చినప్పుడల్లా గదే. నన్ను తీసుకపోనీకి పిలుస్తుందని దుప్పటి కప్పుకుని పడుకునేదాన్ని. ఆ రాత్రి ఇంక నాకు శక్తి లేదు. పోతే పోయిన అనుకుని, ఆమె చెప్పినట్టే మంచం దిగిన. తలుపు దాకా పాకిన. గొళ్లెం అందలేదు."

నతానియేల్ కిటికీలోంచి బయటికి చూస్తున్నాడు. గడప దగ్గర, తలుపు కింద సందులో, ఆ గది మొత్తానికి మంచి గాలి ఉన్నది ఆ ఒక్క చోటే. ఆ సంగతి మా అందరికీ తెలుసు.

లేని మాటలు వినిపిస్తాయని డాక్టరమ్మ చెప్పింది కదా. దారంతా నాకు నేను అదే సర్దిచెప్పుకుంటూ ఇంటికొచ్చా. ఫోన్ తీసి తుకారాంకు కలిపా.

"తుకారాం, నేను తిరుమల్‌ను, బోయిగూడ నుంచి. ఒక్కటడుగుతా చెప్పు. ఆ సెల్లార్‌ల ఆమె నీతోని ఏమన్నది?"

అవతల తలుపు వేసిన చప్పుడైంది.

"ఏం కాదు, చెప్పు. గదంతా బొగ్గుల గాలని తేలింది. దెయ్యం లేదు, గియ్యం లేదు."

తర్వాత ఎవరైనా వింటారేమో అన్నట్టు, గుసగుసగా...

"లే బిడ్డా, బయటికి రా... అన్నదన్నా. వచ్చినప్పుడల్లా గదే మాట. గందుకే భయమై, తలుపుకు ఇంకో గొళ్లెం పెట్టిచ్చుకున్న."